ఇంటి మిద్దెపై విద్యుత్కేంద్రం: సౌరశక్తికి ప్రభుత్వ రాయితీలు

ఢిల్లీ మహానగరానికి దక్షిణంగా, ఆరావళి కొండల అంచున, గురుగ్రామ్ నుండి ఫరీదాబాద్‌కు పోయే రహదారి ప్రక్కన గ్వాల్ పహాడీ అనే గ్రామం ఉంది. 1982లో కేంద్ర ప్రభుత్వంలో సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ ఏర్పడినప్పుడు, ఆ శాఖ తరఫున సౌరశక్తి కేంద్రాన్ని నెలకొల్పడానికి ఈ ప్రదేశాన్నే ఎంచుకున్నారు. సుమారు 200 ఎకరాలలో విస్తరించిన ఆ కేంద్రం 2013లో జాతీయ సౌరశక్తి సంస్థగా రూపొందింది. దేశంలోని బంజరు భూములలో 3 శాతాన్ని సౌరఫలకలతో కప్పగలిగితే దాదాపు 7,49,000 మెగావాట్ల విద్యుత్ సామర్థ్యం సమకూరుతుందని అంచనా వేసినది ఈ సంస్థే. 2015 నవంబరు 30న పారిస్‌లో ప్రకటించబడిన అంతర్జాతీయ సౌర కూటమికి కూడా ఈ ఆవరణలోనే కేంద్ర కార్యాలయం ఏర్పడింది. 2016 జనవరి 25న భారత ప్రధానమంత్రి, ఫ్రాన్స్ అధ్యక్షుడు కలిసి దానికి శంకుస్థాపన చేశారు.

ఈ విధంగా సౌరశక్తి విషయంలో గురుగ్రామ్‌కు అంతర్జాతీయ ఖ్యాతి లభించింది. అయితే సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చే విద్య ఒక సంస్థ ప్రహరీగోడ లోపల వర్ధిల్లితే చాలదు. అది సామాన్యుని ఇంటి మిద్దె మీదికి, చిన్న దుకాణదారుని రేకుల కప్పు మీదికి చేరాలి. అలా చేర్చడానికి ప్రభుత్వం ఎన్నుకున్న ముఖ్యసాధనం రాయితీ. ఆ రాయితీ స్వరూపమేమిటి, అది ఎవరికి అందుతుంది, ఎవరికి అందక మిగిలిపోతున్నది అనే ప్రశ్నలకు గురుగ్రామ్ వంటి నగరంలో సమాధానం వెదకడం ఉపయుక్తంగా ఉంటుంది. ఎందుకంటే పాత గ్రామాల డాబా ఇళ్ళు, విశాలమైన స్థలాలలో కట్టుకున్న భవంతులు, ఇరవై ముప్ఫై అంతస్తుల నివాస సౌధాలు, అద్దె గదులు, చిన్న కర్మాగారాలు అన్నీ ఈ ఒక్క నగరంలోనే ప్రక్కప్రక్కన కనిపిస్తాయి.

రాయితీ ఎందుకు?

వెలుతురు సోకినప్పుడు కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుట్టడాన్ని 1839లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెకరెల్ గమనించాడు. కాని ఆచరణలో పనికివచ్చే సిలికాన్ ఘటం 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారయింది. తనపై పడిన సౌరశక్తిలో అది విద్యుత్తుగా మార్చగలిగినది సుమారు 6 శాతం మాత్రమే. దాని ఖరీదు కూడ చాలా ఎక్కువ కావడంతో, మొదట అది కృత్రిమ ఉపగ్రహాలకే పరిమితమయింది. మన దేశంలో మొదటి సౌరఘటాన్ని 1977లో, మొదటి సౌరఫలకను 1978లో తయారుచేసిన ప్రభుత్వరంగ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ కూడ ఢిల్లీ పరిసరాలలోని సాహిబాబాద్‌లోనే ఉంది.

సౌరవిద్యుత్తుకు ఒక విచిత్రమైన ఆర్థిక లక్షణం ఉంది. బొగ్గుతో నడిచే కేంద్రంలో యంత్రాలకు పెట్టిన ఖర్చు ఒక ఎత్తయితే, ఏటేటా కొనవలసిన బొగ్గు మరొక ఎత్తు. సౌరవిద్యుత్తుకు ఇంధనం ఖర్చు లేదు. ఖర్చంతా ప్రారంభంలోనే ఉంటుంది. అంటే రాబోయే 25 సంవత్సరాలలో వాడుకొనబోయే విద్యుత్తుకు చాలావరకు ఒకేసారి, ముందుగానే, సొమ్ము చెల్లించడం వంటిది. సంపన్నునికి ఇది పెట్టుబడి. నెలజీతంతో గడుపుకొనే కుటుంబానికి ఇది దాటరాని గడప. ఆ గడప ఎత్తును తగ్గించడమే రాయితీ ప్రయోజనం.

విధానాల పరిణామం

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తరువాత ప్రపంచ దేశాల దృష్టి ప్రత్యామ్నాయ ఇంధనాల వైపు మళ్ళింది. మన దేశంలో 1981లో అదనపు ఇంధన వనరుల కమిషన్, 1982లో సంప్రదాయేతర ఇంధన శాఖ ఏర్పడ్డాయి. ఆ దశాబ్దంలో రాయితీలు ముఖ్యంగా సౌర కుక్కర్లకు, నీటిని వేడిచేసే పరికరాలకు లభించేవి. ఇంటిలో పుట్టిన విద్యుత్తును పంపిణీ తీగలలోనికి పంపవచ్చుననే భావన అప్పటికి మన ఆచరణలో లేదు.

2010 జనవరి 11న జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ ప్రారంభమైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్ల సామర్థ్యం సాధించాలన్నది లక్ష్యం. 2015లో దానిని 1,00,000 మెగావాట్లకు పెంచారు. అందులో 40,000 మెగావాట్లు ఇళ్ళ, భవనాల కప్పుల మీదనే రావాలని నిర్దేశించారు. అదే సంవత్సరం డిసెంబరులో కప్పులపై సౌరవిద్యుత్ కార్యక్రమానికి కేటాయింపును 600 కోట్ల రూపాయల నుండి 5,000 కోట్లకు పెంచి, సాధారణ రాష్ట్రాలలో వ్యయంలో 30 శాతం, ప్రత్యేక తరగతి రాష్ట్రాలలో 70 శాతం సహాయంగా ఇవ్వడానికి కేంద్ర మంత్రివర్గం అంగీకరించింది. 2019లో 11,814 కోట్ల రూపాయలతో రెండవ దశ ఆరంభమయింది. ఈ దశలో ఇంటికి 3 కిలోవాట్ల వరకు 40 శాతం, ఆపైన 10 కిలోవాట్ల వరకు 20 శాతం రాయితీ నిర్ణయించారు.

అయినప్పటికీ ఫలితాలు ఆశించినట్లు రాలేదు. విశాలమైన మైదానాలలో నెలకొల్పే భారీ సౌరకేంద్రాలు వేగంగా పెరిగాయి గాని, 2022 ముగిసేనాటికి కప్పుల మీది సామర్థ్యం 40,000 మెగావాట్ల లక్ష్యంలో నాలుగవ వంతుకు కూడ చేరలేదు. ఒక పెద్ద కేంద్రానికి ఒక నిర్ణయం చాలు. కప్పుల మీది సౌరవిద్యుత్తుకు లక్షలాది కుటుంబాలు వేరువేరుగా నిర్ణయం తీసుకోవాలి. ప్రతి కుటుంబానికీ సొమ్ము, సమాచారం, అనుమతి, నమ్మకం నాలుగూ సమకూరాలి. రాష్ట్రానికొక పద్ధతి, పంపిణీ సంస్థకొక దరఖాస్తు ఉండడంతో ఎందరో ఆసక్తి ఉండి కూడ వెనుకంజ వేశారు. దేశమంతటికీ ఒకే దరఖాస్తు విధానం ఉండాలనే ఉద్దేశంతో 2022 జూలై 30న జాతీయ పోర్టల్‌ను ప్రారంభించారు.

సూర్య ఘర్ పథకం

2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్య ఘర్ ముఫ్త్ బిజలీ యోజన ప్రారంభమయింది. ఫిబ్రవరి 29న 75,021 కోట్ల రూపాయల వ్యయంతో దీనిని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2026-27 ఆర్థిక సంవత్సరం నాటికి కోటి ఇళ్ళపై సౌరఫలకలు అమర్చడం దీని లక్ష్యం.

రాయితీ విధానంలో ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. శాతాల లెక్కకు బదులు నిర్ణీత మొత్తం ప్రకటించారు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్ ఒక్కింటికి 30,000 రూపాయలు, మూడవ కిలోవాట్‌కు 18,000 రూపాయలు లభిస్తాయి. ఆ లెక్కన 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు. అంతకుమించి ఎంత పెద్ద వ్యవస్థ పెట్టుకున్నా రాయితీ 78,000 రూపాయలకు మించదు. ప్రామాణిక వ్యయంతో పోల్చితే ఇది మొదటి 2 కిలోవాట్లకు 60 శాతం, మూడవదానికి 40 శాతం.

ఈ అంకెల వెనుక ఒక విధాన నిర్ణయం ఉన్నది. నెలకు 150 యూనిట్ల లోపు వాడే కుటుంబానికి 1 నుండి 2 కిలోవాట్లు, 150 నుండి 300 యూనిట్ల వరకు వాడే కుటుంబానికి 2 నుండి 3 కిలోవాట్లు సరిపోతాయి. అనగా చిన్న వినియోగదారునికి వ్యయంలో ఎక్కువ భాగం, పెద్ద వినియోగదారునికి తక్కువ భాగం ప్రభుత్వం భరిస్తున్నది. 10 కిలోవాట్లు పెట్టుకొనే భవంతి యజమానికీ, 3 కిలోవాట్లు పెట్టుకొనే గుమాస్తాకూ ఒకే మొత్తం దక్కుతుంది. రాయితీ పొందాలంటే ఫలకలతో పాటు వాటిలోని సౌరఘటాలు కూడ దేశంలోనే తయారైనవి కావలెననే నిబంధన ఉంది. తద్వారా గృహస్థునికి ఇచ్చే సహాయం స్వదేశీ పరిశ్రమకు కూడ ఊతమవుతుంది.

2025 మార్చి 10 నాటికి ఈ పథకం క్రింద 10 లక్షలకు పైగా ఇళ్ళపై ఫలకలు అమరాయి. అదే సంవత్సరం జనవరి ముగిసేసరికి దేశంలోని మొత్తం సౌరవిద్యుత్ సామర్థ్యం 1,00,000 మెగావాట్లు దాటింది.

మిద్దె మీద జరిగేదేమిటి?

సౌరఫలకలలో పుట్టేది ఏకముఖ విద్యుత్ ప్రవాహం. ఇంట్లోని పంకాలు, దీపాలు నడిచేది ఏకాంతర ప్రవాహంతో. ఒకదానిని మరొకదానిగా మార్చే పరికరమే ఇన్వర్టర్. పగటిపూట ఇంటి అవసరానికి మించి పుట్టిన విద్యుత్తు పంపిణీ తీగలలోనికి పోతుంది. రాత్రివేళ ఇంటివారు అదే తీగలనుండి విద్యుత్తును తీసుకుంటారు. రెండు దిశలలోనూ లెక్క చూపే మీటరును అమర్చి, ఇచ్చినదీ తీసుకున్నదీ సరిచూచి, తేడాకు మాత్రమే బిల్లు వేసే పద్ధతిని నెట్ మీటరింగ్ అంటారు. రైతు పంటకాలంలో ధాన్యం గాదెలో పోసుకొని తరువాత కావలసినప్పుడు తీసుకొన్నట్లే, ఇక్కడ పంపిణీ వ్యవస్థ గృహస్థునికి గాదెగా ఉపయోగపడుతుంది.

ఒక కిలోవాట్ వ్యవస్థకు సుమారు 10 చదరపు మీటర్ల నీడపడని స్థలం కావాలి. సగటున నెలకు 100 యూనిట్లకు తగ్గకుండా ఉత్పత్తి ఉంటుంది. గురుగ్రామ్ ఉత్తర అక్షాంశం 28 డిగ్రీలకు కొంచెం పైన ఉన్నందున, ఫలకలను దాదాపు అంతే వాలుతో దక్షిణాభిముఖంగా అమర్చితే ఏడాది పొడవునా మంచి ఫలితం వస్తుంది. శీతకాలపు పొగమంచు, వేసవిలో పడమటి నుండి వీచే ధూళి, నిర్మాణాల దుమ్ము ఈ ప్రాంతంలో ఉత్పత్తిని తగ్గిస్తాయి. కనుక ఫలకలను తరచు కడగవలసి ఉంటుంది.

ఒక అపోహను ఇక్కడే తొలగించడం అవసరం. మిద్దెపై సౌరఫలకలు ఉన్నంత మాత్రాన విద్యుత్ కోత సమయంలో ఇంట్లో దీపాలు వెలగవు. పంపిణీ తీగలలో సరఫరా ఆగినప్పుడు, వాటిని మరమ్మతు చేసే కార్మికుల ప్రాణరక్షణ కొరకు, ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోయేలా అమర్చబడి ఉంటుంది. కోత సమయంలో కూడ విద్యుత్తు కావాలనుకున్నవారు బ్యాటరీతో కూడిన వ్యవస్థను ఏర్పాటు చేసుకోవాలి. దానికి అదనపు వ్యయమవుతుంది.

ఒక కుటుంబపు లెక్క

గురుగ్రామ్‌లోని ఒక పాత కాలనీలో సొంత ఇల్లు ఉన్న మధ్యతరగతి కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. వారి వాడకం నెలకు 300 యూనిట్లు. వారికి 3 కిలోవాట్ల వ్యవస్థ అవసరం. ప్రభుత్వం లెక్కలోనికి తీసుకున్న ప్రామాణిక వ్యయం మొదటి 2 కిలోవాట్లకు లక్ష రూపాయలు, మూడవదానికి 45,000. మొత్తం 1,45,000 రూపాయలు. రాయితీ 78,000 పోగా కుటుంబం భరించవలసినది 67,000. నాణ్యతను బట్టి, అమరిక ఎత్తును బట్టి బజారు ధర ఇంతకంటె హెచ్చుగా ఉండవచ్చు. యూనిట్‌కు సగటున 6 రూపాయలు ఆదా అవుతుందనుకుంటే నెలకు 1,800 రూపాయలు మిగులుతాయి. మూడు సంవత్సరాలు కొంచెం దాటేసరికి పెట్టుబడి తిరిగి వస్తుంది. ఫలకలు సుమారు 25 ఏళ్ళు పనిచేస్తాయి. ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో ఒకసారైనా మార్చవలసి రావచ్చు.

ఇక సమాజానికి కలిగే లాభం చూద్దాం. ఏడాదికి 3,600 యూనిట్లు మిద్దె మీదనే పుడితే, యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల చొప్పున, సుమారు రెండున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో కలవకుండా నివారించినట్లవుతుంది. ప్రతి శీతకాలం ఊపిరాడని పొగలో చిక్కుకొనే ఢిల్లీ పరిసర ప్రాంతానికి థర్మల్ విద్యుత్తు, డీజిల్ జనరేటర్ల అవసరం తగ్గించే ఏ మార్గమైనా విలువైనదే. 2023 అక్టోబరు 1 నుండి ఈ ప్రాంతమంతటా, పొగను నియంత్రించే ఏర్పాట్లు లేని డీజిల్ జనరేటర్ల వాడకంపై కఠినమైన నియమాలు అమలులోకి వచ్చాయి.

దరఖాస్తు విధానం

గృహస్థుడు తన విద్యుత్ కనెక్షన్ సంఖ్యతో జాతీయ పోర్టల్‌లో నమోదు కావాలి. గురుగ్రామ్‌కు విద్యుత్తు సరఫరా చేసేది దక్షిణ హర్యానా బిజలీ వితరణ్ నిగమ్. ఆ సంస్థ వద్ద నమోదైన అమ్మకందారులలో ఒకరిని ఎన్నుకొని ఒప్పందం చేసుకోవాలి. ఫలకలు అమర్చిన తరువాత నెట్ మీటరు బిగించి, పంపిణీ సంస్థ అధికారులు తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తారు. ఆపైన గృహస్థుడు తన బ్యాంకు ఖాతా వివరాలు సమర్పిస్తే 30 రోజులలోగా రాయితీ నేరుగా ఖాతాలో జమ కావాలన్నది నియమం. అమ్మకందారు 5 సంవత్సరాలపాటు నిర్వహణ బాధ్యత వహించాలి.

జాప్యాన్ని తగ్గించడానికి 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించారు. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అవసరం లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్లు భావించబడుతుంది. అమరిక పూర్తయిన తరువాత కనెక్షన్ ఇచ్చే గడువును 30 రోజుల నుండి 15 రోజులకు కుదించారు. 5 కిలోవాట్ల వరకు పంపిణీ తీగలను బలపరచవలసి వస్తే ఆ ఖర్చును పంపిణీ సంస్థే భరించాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రాయితీ ఫలకలు అమర్చిన తరువాతనే వస్తుంది. అంటే గృహస్థుడు మొత్తం ఖర్చును, లేదా అందులో పెద్ద భాగాన్ని, ముందుగా సమకూర్చుకోవాలి. ఏ గడపను తగ్గించడానికి రాయితీ ఏర్పడిందో, ఆ గడప కొన్ని వారాలపాటు పూర్తి ఎత్తులోనే నిలిచి ఉంటుంది. ఈ లోటును పూరించడానికి, 3 కిలోవాట్ల వరకు హామీ ఆస్తి లేకుండా, రిజర్వు బ్యాంకు రెపో రేటుకు అర శాతం మించని వడ్డీతో రుణం లభించే ఏర్పాటు పథకంలో ఉన్నది. 2024లో ఆ వడ్డీ సుమారు 7 శాతం. రుణం తీసుకున్న కుటుంబం ఆదా అయిన కరెంటు బిల్లుతోనే వాయిదాలు కట్టుకోగలుగుతుంది.

రాష్ట్రాల చేయూత

కేంద్ర సహాయానికి కొన్ని రాష్ట్రాలు తమ వాటా చేర్చాయి. హర్యానా ప్రభుత్వం 1,80,000 రూపాయల లోపు వార్షికాదాయం గల అంత్యోదయ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు అదనంగా 50,000 రూపాయలు ప్రకటించింది. కేంద్రమిచ్చే 60,000తో కలిపితే ఇది 1,10,000 రూపాయలవుతుంది. అంటే పేద కుటుంబానికి దాదాపు ఖర్చు లేకుండానే ఫలకలు అమరుతాయి. ఆపైన 3,00,000 వరకు ఆదాయం గలవారికి అదనపు సహాయం 20,000 రూపాయలు. గురుగ్రామ్ సరిహద్దు దాటిన వెంటనే వచ్చే ఢిల్లీలో ఆదాయంతో నిమిత్తం లేకుండా 3 కిలోవాట్లకు 30,000 రూపాయలు అదనంగా ఇవ్వడానికి 2025లో నిర్ణయించారు. తెలుగునాట చూస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డు కులాల, తెగల కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు పూర్తి ఉచితంగానూ, వెనుకబడిన తరగతుల కుటుంబాలకు కేంద్ర రాయితీపై మరి 20,000 రూపాయల సహాయంతోనూ సౌరఫలకలు సమకూర్చే విధానాన్ని చేపట్టింది. ఒక జాతీయ పథకం ప్రతి రాష్ట్రంలోనూ అక్కడి సామాజిక పరిస్థితులకు అనుగుణంగా రూపు దిద్దుకోవడం మన సమాఖ్య వ్యవస్థకు తగిన రీతి.

నిర్బంధ పద్ధతిని కూడ హర్యానా పరీక్షించింది. 500 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలోని ఇళ్ళు కనీసం 1 కిలోవాట్, లేదా తమ కనెక్షన్ సామర్థ్యంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అంత సౌరవిద్యుత్తును ఏర్పాటు చేసుకోవాలని 2014 సెప్టెంబరులో ఆ రాష్ట్రం ఆదేశించింది. స్థోమత గలవారికి నిబంధన, లేనివారికి సహాయం అనే ఈ రెండు మార్గాలూ పరస్పర పూరకాలు.

మిద్దె లేనివారి సంగతి

ఇంతవరకు చెప్పినదంతా సొంత ఇల్లు, సొంత మిద్దె ఉన్నవారికి వర్తిస్తుంది. అసలు సమస్య అటు తరువాతనే ఆరంభమవుతుంది. గురుగ్రామ్ నిలువుగా పెరిగిన నగరం. ఉద్యోగరీత్యా దేశం నలుమూలల నుండి వచ్చినవారు, వారిలో తెలుగు కుటుంబాలు కూడ, ఎక్కువగా నివసించేది బహుళ అంతస్తుల సౌధాలలో.

ఒక సౌధంలో 20 అంతస్తులు, 80 నివాసాలు, 600 చదరపు మీటర్ల పై కప్పు ఉన్నాయనుకుందాం. నీటి తొట్లు, లిఫ్టు గదులు, నడకదారులు పోగా సగం స్థలం మిగిలితే 30 కిలోవాట్లు అమరుతాయి. నెలకు సుమారు 3,000 యూనిట్లు వస్తాయి. 80 ఇళ్ళకు పంచితే ఒక్కొక్క ఇంటికి 38 యూనిట్లైనా రావు. సొంత ఇంటివానికి నెలకు 300 యూనిట్లిచ్చే అదే సూర్యుడు సౌధవాసికి అందులో ఎనిమిదవ వంతు ఇస్తున్నాడన్నమాట. ఈ లోపం సూర్యునిది కాదు, రాయితీది కాదు. తలకు వచ్చే కప్పు వైశాల్యానిది.

అందువల్ల ఇటువంటి చోట్ల సౌరవిద్యుత్తును లిఫ్టులు, నీటి పంపులు, మెట్ల దీపాలు, విద్యుత్ వాహనాల చార్జింగ్ వంటి ఉమ్మడి అవసరాలకు వినియోగించడమే ఉచితం. నివాసుల సంఘాలకు ఇందుకై కిలోవాట్‌కు 18,000 రూపాయల చొప్పున, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన 500 కిలోవాట్ల వరకు కేంద్ర సహాయం లభిస్తుంది. పై ఉదాహరణలోని సౌధానికి ఆ మొత్తం 5,40,000 రూపాయలు. దీనికి కావలసినది నివాసుల మధ్య ఏకాభిప్రాయం. పై కప్పు అందరిదీ. నిర్ణయం కూడ అందరిదీ కావాలి.

అద్దెకుండేవారి స్థితి ఇంకా క్లిష్టమైనది. ఫలకల ఖర్చు ఇంటి యజమానిది, తగ్గే బిల్లు అద్దెదారునిది. ఖర్చు పెట్టేవానికి లాభం లేదు. లాభం పొందేవానికి హక్కు లేదు. ఈ ముడిని విప్పడానికి రూపొందినదే వర్చువల్ నెట్ మీటరింగ్. వేరొక చోట నెలకొల్పిన ఉమ్మడి సౌరకేంద్రంలో వాటా కొనుక్కున్నవారికి, వారు ఏ ఇంట్లో ఉన్నా, ఆ వాటా యూనిట్లను బిల్లులో తగ్గిస్తారు. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ కమిషన్ 2019లోనే దీనికి మార్గదర్శకాలు జారీచేసింది. సూర్య ఘర్ పథకంలో కూడ, పెట్టుబడిదారు గాని పంపిణీ సంస్థ గాని తామే ఖర్చుపెట్టి ఇళ్ళపై ఫలకలు అమర్చే పద్ధతులకు 2024 డిసెంబరులో మార్గదర్శకాలు వెలువడ్డాయి. మిద్దె ఉండి సొమ్ము లేనివారికి రెండవ మార్గం, మిద్దే లేనివారికి మొదటి మార్గం ఉపకరిస్తాయి. ఈ విధానాలు ఎంత విస్తరిస్తే రాయితీ ఫలం అంతగా అందరిదీ అవుతుంది.

చిన్న వ్యాపారుల స్థితి

సూర్య ఘర్ రాయితీ గృహాలకే పరిమితం. దుకాణాలకు, వర్క్‌షాపులకు, చిన్న కర్మాగారాలకు అది వర్తించదు. వాణిజ్య కనెక్షన్లకు యూనిట్ ధర గృహాల కంటె సాధారణంగా ఎక్కువ గనుక, సౌరవిద్యుత్తువల్ల వారికి కలిగే ఆదా కూడ ఎక్కువేననీ, ప్రత్యక్ష సహాయం అవసరం లేదనీ ఈ విధానంలోని భావన. వారికి సహాయం పన్నుల రూపంలో లభిస్తుంది. సౌరపరికరాల విలువపై ఏటా 40 శాతం తరుగుదలను ఆదాయం నుండి మినహాయించుకోవచ్చు. 10 లక్షల రూపాయలతో సౌరఫలకలు అమర్చుకున్న ఒక భాగస్వామ్య సంస్థ 30 శాతం పన్ను చెల్లిస్తున్నదనుకుంటే, మొదటి పూర్తి సంవత్సరంలోనే దాని పన్ను 1,20,000 రూపాయలు తగ్గుతుంది. అంతేగాక 2025 సెప్టెంబరు 22 నుండి సౌరపరికరాలపై వస్తు సేవల పన్నును 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. ఈ తగ్గింపు గృహస్థులకూ వర్తిస్తుంది.

అయితే తరుగుదల సదుపాయం పద్దులు వ్రాసి పన్ను కట్టే సంస్థకే ఉపయోగపడుతుంది. అమ్మకాలలో ఇంత శాతం లాభమని అంచనాగా చూపి పన్ను చెల్లించే చిన్న దుకాణదారునికి తరుగుదలను విడిగా మినహాయించుకొనే అవకాశం లేదు; ఆ అంచనాలోనే అది కలిసి ఉన్నట్లు చట్టం భావిస్తుంది. పన్ను కట్టేంత ఆదాయమే లేని కుట్టుపనివానికి, పిండిమర యజమానికి ఆ సదుపాయం వల్ల ప్రయోజనం శూన్యం. కనుక చిన్న వ్యాపారులలో కొంచెం పెద్దవారికి సహాయం అందుతున్నది. మరీ చిన్నవారు గృహ రాయితీకీ నోచుకోక, పన్ను మినహాయింపుకూ అందక మధ్యలో మిగిలిపోతున్నారు. విధాన నిర్ణేతలు దృష్టి సారించవలసిన చోటు ఇది. ప్రస్తుతానికి వీరికున్న దారి బ్యాంకు రుణం, లేదా వేరొక సంస్థ తన ఖర్చుతో ఫలకలు అమర్చి నిర్ణీత ధరకు విద్యుత్తు అమ్మే ఒప్పందం.

శిక్షణ, అవగాహన

ఎంత రాయితీ ఇచ్చినా, ఫలకలను సరిగా అమర్చి నిర్వహించే చేతులు లేకపోతే ఆ సొమ్ము వ్యర్థమవుతుంది. 2015లో మొదలైన సూర్యమిత్ర కార్యక్రమం ద్వారా గ్వాల్ పహాడీలోని జాతీయ సంస్థ ఆధ్వర్యంలో వివిధ రాష్ట్రాలలో యువకులకు ఈ పనిలో శిక్షణ లభిస్తున్నది. కొనేవారు కూడ కొన్ని జాగ్రత్తలు పాటించాలి. అమ్మకందారు నమోదైనవాడా కాదా, ఫలకలు రాయితీకి అర్హమైనవా కావా, తన వాడకానికి ఎన్ని కిలోవాట్లు చాలు అన్న మూడు విషయాలు ముందుగా తెలుసుకోవాలి. వాడకానికి మించి పెద్ద వ్యవస్థను అంటగట్టే వ్యాపారి మాటకంటె, గత 12 నెలల విద్యుత్ బిల్లులు చెప్పే మాట నమ్మదగినది.

1982లో గ్వాల్ పహాడీలో సౌరశక్తి కేంద్రం వెలసినప్పుడు, ఇంటి మిద్దె విద్యుత్కేంద్రమవుతుందని సామాన్య గృహస్థుడు ఊహించి ఉండడు. నాలుగు దశాబ్దాలలో సాంకేతిక విజ్ఞానం ఆ పని సాధించింది. దానిని చిన్న కుటుంబపు అందుబాటులోనికి తెచ్చే పనిని, మొదటి 2 కిలోవాట్లకు పెద్ద పీట వేయడం ద్వారా, రాయితీ చాలావరకు నెరవేర్చింది. ఇక మిగిలినది సొంత మిద్దె లేని సౌధవాసికి, అద్దెదారునికి, రేకుల కప్పు క్రింద బ్రతుకు వెళ్ళదీసే చిన్న పనివానికి కూడ ఆ వెలుగులో వాటా కల్పించడం. సూర్యరశ్మికి యజమాని లేడు. కప్పుకు మాత్రమే ఉన్నాడు. ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గించే విధానమే రేపటి సౌర కార్యక్రమ విజయానికి గీటురాయి కాగలదు.